నేనిచ్చిన మాట, షబ్బీర్ రాసిన జట్టు

మాట ఇచ్చింది నేను. ఆడించాల్సింది నా మనవడు షబ్బీర్. తప్పు అక్కడే జరిగింది, దానికి ఇంకెవరినీ అనేది లేదు.

ఆ రోజు మంగళవారం. ఆళ్లగడ్డలో మా ఇంటి ముందు కూర్చుని పరుపు మూలలు కుడుతున్నాను. నా కొడుకుది పరుపుల అంగడి. పెద్ద కుట్లన్నీ మిషన్ మీద పడిపోతాయి గానీ మూలలు మాత్రం ఇప్పటికీ నా చేతికే వస్తాయి. అప్పుడు వచ్చింది పక్కింటి రూతు. మామూలుగా గోడ మీదుగా మాట్లాడి పోయే మనిషి, ఆ రోజు చుట్టు తిరిగి వాకిట్లోకి వచ్చి నా ఎదురుగా చతికిలబడింది. అలా కూర్చుందంటే ఏదో అడగబోతోందని ఎవరికైనా తెలుస్తుంది.

"అత్తా, శనివారం నంద్యాలకు జీపు మాట్లాడినాం. చర్చి వాళ్లు పద్నాలుగు మందిమి పోతాండాం, మనోజ్ ఫుట్‌బాల్ ఆట చూసేకి."

"మంచిదే గదే. నేను ముందురోజే పోతా."

"మంచిదో చెడ్డదో నువ్వే చెప్పాల. వానికి ముప్పై నాలుగేండ్లు. వాడు ఆడేది నేను ఒక్కసారి గూడా కండ్లారా చూడలే. బెంగుళూరంట, గోవా అంట, అన్నీ ఫోన్లో ఫోటోలే. 'ఇదే నా కడపటి ఆట మా' అంటాండాడు. చూస్తే మీ షబ్బీరు రెండాటల నుంచి వాన్ని బెంచీ మీద కూర్చోబెట్టినాడంట. శనివారమన్నా ఆడిస్తాడా, పద్నాలుగు మందిమి బెంచీని చూసి రావాల్నా?"

"ఆడించకుండా యాడికి పోతాడే! నీ పాలు తాగినోడు వాడు. నేను చెప్తాలే."

"మాటేనా అత్తా?"

"మాటే."

సూది గుడ్డలో గుచ్చినంత సులువుగా అనేశాను.

పాల సంగతి చెప్పకపోతే ఆ మాట బరువు తెలియదు. షబ్బీర్ పుట్టిన పదో రోజున మా కోడలికి పచ్చకామెర్లు ముదిరి కర్నూలు ఆసుపత్రిలో పడింది. రెండు నెలలు. ఈ పసివాడు పోతపాలు పట్టిస్తే కక్కేవాడు. రూతుకు అప్పుడు మనోజ్ నాలుగు నెలల బిడ్డ. ఎవరూ అడగకముందే వచ్చి షబ్బీర్‌ను ఒళ్లోకి తీసుకుంది. రెండు నెలలు ఇద్దరినీ చెరో వైపు వేసుకుని పెంచింది. మా వాళ్లలో పాలిచ్చిన తల్లికి కన్నతల్లితో సమానమైన హక్కు. పాలు పంచుకున్న పిల్లలు అన్నదమ్ములు. ఆ రుణం ఆమె నోటితో "మాఫ్ చేసినా" అనేదాకా తీరదు. రూతు వాళ్లది యేసు ప్రభువు మతం, ఈ లెక్కలు ఆమెకు లేవు. కానీ ముప్పై ఏళ్లుగా నేనే చెప్పీ చెప్పీ నేర్పించాను.

ఇద్దరూ ఒకే బడిలో, ఒకే వ్యాయామం మేష్టరు యోబు సారు చేతి కింద బంతి నేర్చుకున్నారు. మనోజ్ పొడగరి, తలతో కొడితే బంతి ఎక్కడ చెప్తే అక్కడ పడేది. షబ్బీర్ పొట్టివాడు, ఎడమకాలి వాటం. పద్దెనిమిదేళ్లకు ఇద్దరూ బెంగుళూరు పోయారు. మనోజ్‌ను పెద్ద క్లబ్బు తీసుకుంది. షబ్బీర్‌ను కింది లీగులో ఒక జట్టు తీసుకుంది. పదకొండేళ్లు ఆ కింది లీగుల్లోనే ఆడాడు. పొద్దున ప్రాక్టీసు, పగలంతా టైల్స్ దుకాణంలో పని. ఒకసారి ఫోన్లో అడిగాను, మీ ఆట ఎంతమంది చూస్తారురా అని. "ఈ పొద్దు నలభై మంది చూసినారు జేజీ. అందులో ముప్పై మంది బస్సు కోసం నిలబడినోళ్లు" అన్నాడు. నవ్వాను గానీ ఆ రోజంతా ఎందుకో పని సాగలేదు.

ఇంకోటి కూడా చెప్పేవాడు. ఆట రోజు పొద్దున జట్టు పేర్లు కాగితం మీద రాసి గోడకు అంటిస్తారట. వీడు ఎప్పుడూ కింది నుంచి పైకి చదివేవాడట. ఉంటే గింటే తన పేరు అడుగునే ఉంటుందట; పై నుంచి చదివితే, పేరు లేదని తెలిసేసరికి మిగతా పేర్లన్నీ చదివి ఉండాలి కదా, అదొక బాధ అని.

ఇరవై తొమ్మిదో ఏట మోకాలు పోయింది. ఇంటికొచ్చి అంగడిలో కూర్చుంటాడేమో అనుకున్నాం. కూర్చోలేదు. ఆడించడానికి కూడా పరీక్షలున్నాయట, ఒకటి తర్వాత ఒకటి రాశాడు. చిన్నపిల్లలకు నేర్పాడు, తర్వాత పెద్ద కోచ్‌ల పక్కన సహాయకుడిగా చేశాడు. నంద్యాలలో విత్తనాల వ్యాపారం చేసే సుందరరాజు అనే ఆయన నల్లమల ఎఫ్‌సి అని క్లబ్బు పెట్టి, షబ్బీర్‌ను సహాయకుడిగా పిలిచాడు. షబ్బీర్ పట్టుబట్టి మనోజ్‌ను తెప్పించి కెప్టెన్‌ను చేయించాడు. సీజను సగంలో పెద్ద కోచ్ చెప్పకుండా వెళ్లిపోతే, అట్టడుగున ఉన్న జట్టును షబ్బీర్ చేతిలో పెట్టారు. అలా నా మనవడు మేనేజర్ అయ్యాడు. శనివారం ఆట సీజనులో ఆఖరుది. సమానంగా ముగిసినా చాలు, లీగులో నిలబడతారు. ఓడితే కింది లీగుకు పోతారు. "అప్పుడు కోచ్ సంగతి కూడా చూడాల" అని సుందరరాజు అందరి ముందే అన్నాడని విన్నాను.

ఇదంతా తెలిసే మాట ఇచ్చాను చూడండి.

శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి నంద్యాల పోయాను. గ్రౌండు పక్కన చిన్న గది వాడిది. తలుపు తీసేసరికి నేల మీద కూర్చుని, పక్కన ఒక పలక, దాని మీద అయస్కాంతం బిళ్లలు పెట్టుకుని ఉన్నాడు.

"ఏందీ జేజీ, చెప్పకుండా వచ్చినావు?"

"చెప్తే రావద్దంటావని. జొన్నరొట్టె, గోంగూర తెచ్చినా. ముందు తిను."

"ముందు చెప్పు. నువ్వు రొట్టె ముందు పెట్టినావంటే వెనక ఏదో ఉంటుంది."

చెప్పాను. జీపు, పద్నాలుగు మంది, రూతు అడగడం, నేను సరేననడం. వాడు వింటూ ఒక బిళ్లను వేలితో తిప్పుతూ ఉన్నాడు.

"మనోజ్‌కు పొద్దున్నే చెప్పేసినా జేజీ" అన్నాడు చివరికి.

"ఏమని?"

"రేపు మొదటి పదకొండు మందిలో నువ్వు లేవు అని. లేనోళ్లకు ముందు చెప్తా నేను. ఎదురుగా నిలబడి చెప్తా. గోడకు అంటించను."

"వాడేమన్నాడు?"

"బూట్లిప్పి సంకలో పెట్టుకొని పోయినాడు. ఫోను ఎత్తడం లేదు."

నాకు కోపం వచ్చింది. అంత దూరం వచ్చిందాన్ని, ఒట్టి చేతులతో పోయి రూతుకు ముఖం ఎలా చూపించాలి? "కామెర్లప్పుడు ఆమె లేకపోతే ఈ పొద్దు నువ్వు ఉండేవాడివా, నీ బిళ్లలు ఉండేవా? పాల హక్కురా అది. కాదంటావా?" అన్నాను.

వాడు పలక నా వైపు తిప్పాడు. పది బిళ్లలున్నాయి. వెనక వరసలో ఒకచోట ఖాళీగా ఉంది.

"చూడు. వాళ్ల జట్టులో ఒకడున్నాడు, ఈ పక్క నుంచి పరుగెత్తుతాడు, గాలి మాదిరి. ఆ ఖాళీలో ఉండేవాడు వాన్ని పట్టాల. మనోజ్‌కు ఆటంతా తలకాయలో ఉంది, కాళ్లలో అయిపోయింది. ఎజ్రాకు కాళ్లలో ఉంది, తలకాయలోకి ఇంకా రాలే. ఇరవై ఏండ్లోడు. ఇద్దరిలో ఒకన్ని పెట్టాల. నేను ఎజ్రా అనుకున్నా."

"మరి పాలు?"

"నువ్వు పాల హక్కని అడిగితే నేను కాదన్లేను జేజీ. మనోజ్ బిళ్లే పెడతా, నీ కండ్ల ముందరే పెడతా. కానీ ఒకటి చెప్పు. రూతమ్మ దగ్గర పాలు తాగింది నేను. తీర్చాల్సింది నేను. ఈ పది మంది ఏం తాగినారు ఆమె దగ్గర? వాళ్లెందుకు తీర్చాల?"

పలక మీదకు వంగాను. ఆ పది బిళ్లలూ పది ఇళ్ల పిల్లల్లా కనబడ్డాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు, ఒక్కొక్కడికీ ఒక్కో తల్లి. నేను రూతుకిచ్చింది నా మాట అనుకున్నాను గానీ, వాళ్ల ఆటను తీసిచ్చాను. అడగకుండా తీసిచ్చాను.

"ఎజ్రానే పెట్టు" అన్నాను. "రూతుకు నేను చెప్తా."

"నేను చెప్తాలే జేజీ."

"మాటిచ్చిందెవరు? నేను. నేనే చెప్పాల. అది గూడా ఎదురుగా నిలబడే."

అప్పుడు తిన్నాడు రొట్టె. రెండు తిని మూడోదానికి చెయ్యి చాపాడు.

శనివారం మూడు గంటలకు జీపు వచ్చింది. రూతు కొత్త చీర కట్టుకుని అందరికంటే ముందు దిగింది. గేటు దాటకముందే చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాను.

"రూతూ, నేను ఇయ్యకూడని మాట ఇచ్చినా. మనోజ్ బెంచీ మీదనే కూర్చుంటాడు."

ఆమె నా చెయ్యి విడిపించుకుంది. "నువ్వు అడగనన్నా అడిగినావా?"

"అడిగినా. నేను గట్టిగా అడిగింటే పెట్టేవాడు. నేనే వద్దన్నా."

"ఓహో. నా పాలు తాగేటప్పుడు వాడు నావాడు, నా బిడ్డను కూర్చోబెట్టేటప్పుడు మీవాడా? బాగుంది అత్తా. చానా బాగుంది." చర్చి వాళ్లతో కలిసి లోపలికి పోయి, నాకు ఐదు వరసల అవతల కూర్చుంది.

ఆట మొదలయ్యే ముందు రెండు జట్లూ ఒళ్లు వేడెక్కించుకోవడానికి పరుగెత్తాయి. మనోజ్ కూడా పరుగెత్తాడు, అందరికంటే వెనక, ఒక కాలు కొంచెం ఈడుస్తూ. నేను రూతు వైపు చూశాను. ఆమె బంతిని చూడటం లేదు, ఆ కాలినే చూస్తోంది.

షబ్బీర్ చెప్పినట్టే ఆ గాలిలాంటివాడు మొదటి నుంచీ అదే పక్క పరుగెత్తాడు. ఎజ్రా పట్టాడు, మళ్లీ పట్టాడు, ఏడెనిమిది సార్లు పట్టాడు. అరవై ఐదో నిమిషంలో ఒక్కసారి ఎటు తిరగాలో తెలియక నిలబడిపోయాడు. ఆ ఒక్కసారి చాలింది. గోల్. చర్చి వాళ్లంతా లేచి, "మనోజ్‌ను దించప్పా!" అని కేకలు. నా వెనక ఎవరో, "కోచ్‌కు కండ్లు లేవు" అన్నారు. నాకు తిరిగి చూడాలనిపించింది, చూడలేదు.

ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయనగా షబ్బీర్ మనోజ్‌ను దించాడు. కానీ వెనక వరసలోకి కాదు, ముందుకు, గోల్ దగ్గరికి. పొడగరి కదా, తలతో కొడతాడని. రూతు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మూడు సార్లు బంతి పైనుంచి వచ్చింది, మూడు సార్లూ అందరికంటే ఎత్తుకు లేచింది మనోజే. మూడోది పై కర్రకు తగిలి అవతల పడింది. రెఫరీ విజిల్ వేశాడు. ఓడిపోయాం.

మెట్లు దిగి గ్రౌండు అంచుకు వెళ్లేసరికి సుందరరాజు, షబ్బీర్ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"కింది లీగుకు పోయినాం షబ్బీర్. క్లబ్బును నడుపుతా, ముయ్యను. అందరి ముందర అన్న మాట నాకూ గుర్తుంది గానీ, ఈ జట్టు నువ్వొచ్చినాకనే ఆడడం మొదలుపెట్టింది. కింద ఆడించేకి నీకు ఇష్టమైతే ఉండు. మేనేజర్లకు ఆడికి పోవడం నామోషీ అంటారు."

"నాకు కింది లీగు కొత్త గాదు సార్. పదకొండేండ్లు ఆడనే ఉన్నా. సోమవారం ప్రాక్టీసు పెడతా."

అంతే. చేతులు కూడా కలుపుకోలేదు.

రూతు వస్తుండటం చూసి నేను షబ్బీర్ పక్కకు వెళ్లి నిలబడ్డాను. మనోజ్ ఆమె వెనక, చెమటతో, బూట్లు చేతిలో పట్టుకుని.

"ఎనిమిది నిమిషాలా?" అంది షబ్బీర్‌తో. "రెండు నెలల పాలకు ఎనిమిది నిమిషాలా రా?"

"ఆ ఎనిమిది నిమిషాలు పాలకు గాదు రూతమ్మా. గోల్ కోసం. వాని కంటే ఎత్తు లేచేవాడు నాకు ఇంకోడు లేడు."

"మా, వదిలెయ్" అన్నాడు మనోజ్. "ఆ గాలి మాదిరి పరుగెత్తే పదకొండో నంబరోన్ని నేనైతే మొదటి పది నిమిషాల్లోనే వదిలేసేవాన్ని. నాలుగు గోల్స్ పడేవి."

"నాకు తెల్దా? నాకు కండ్లు లేవా? నీ కాలు ఈడుస్తాండావని ఆట మొదలుగాక ముందే చూసినా. ఇంట్లో ఒక్క మాటన్నా చెప్పినావా నాకు?" అని కొడుకును ఒకటి వేసి, మళ్లీ షబ్బీర్ వైపు తిరిగింది. "వాడు ఆ పరుగెత్తేవాన్ని పట్టలేడని తెలిసే నువ్వు వద్దన్నావు. అది నాకు అర్థమయింది. అర్థమయిందని కోపం పోయిందనుకోవద్దు."

సందు దొరికిందని నేను నోరు పెట్టాను. "రూతూ, ఇంతమంది ముందర ఒక మాట అను. పాలు మాఫ్ చేసినా అను. పిల్లోని మీద ఆ బరువు వద్దు."

ఆమె నన్ను అదోలా చూసింది. "నేను మాఫ్ చెయ్యను అత్తా. చేస్తే వాడు నాకేమైతాడు? పక్కింటి పిల్లోడైతాడు. ఉండనీ, బాకీ పడే ఉండనీ." జీపులో ఒక కాలు పెట్టి మళ్లీ వెనక్కి తిరిగింది. "ఒరే షబ్బీరూ, ఈడ అందరి ముందర తిట్టలేకపోతాండా. రేపు చర్చి అయినాక ఇంటికి రా."

ఆదివారం వాడు పోయాడు. గోడ అవతల రెండు గంటలున్నాడు. రూతు గొంతు పెద్దదైంది, మనోజ్ గొంతు వినబడింది, ఆ తర్వాత ఎవరో నవ్వారు. పరుపు మూల కుట్టడానికి ఆ గోడ పక్కన నీడ బాగుంటుంది, రోజూ అక్కడే కూర్చుంటాను. ఆ రోజు మాత్రం గుడ్డ, సూది తీసుకుని ఎండలోనే ఈ పక్కకొచ్చి కూర్చున్నాను; గొంతులే తప్ప మాటలు అందలేదు. చెవి పెట్టాలనిపించలేదంటే అబద్ధం.