మొక్కలకు ఒడిబియ్యం

నాచారం చెరువు పక్కన సర్కారు పెట్టిన నర్సరీలో ముత్తమ్మది మట్టి పని. ఎర్రమట్టి, పెంట ఎరువు కలిపి నల్ల సంచుల్లో నింపి, గింజ పెట్టి, ఎండాకాలమంతా నీళ్లు మోసి పోసేది. వేప, కానుగ, సీతాఫలం జానెడెత్తు లేచేదాకా ఆమెకు వేరే లోకం ఉండేది కాదు.

వరసగా కరువు ఏళ్లు. కీసర దగ్గర ఒక గుట్టను కట్టెల కోసం నరికి నరికి రాయి తేల్చారు. అక్కడ మళ్లీ అడవిని లేపడానికి సర్కారు సొమ్ము ఇచ్చింది.

"ఈసారి గుట్ట మీద మొక్క బతికితేనే వచ్చే ఏడు నర్సరీ ఉంటుందమ్మా. లేకపోతే ఈ జాగా గోదాములకు ఇచ్చేస్తారు," అన్నాడు నర్సరీ చూసుకునే అచ్యుతరావు. ఆయనది గుంటూరు వైపు.

ఈ మొక్కలు తప్ప పెంచుకోవడానికి ముత్తమ్మకు ఎవరూ మిగల్లేదు. ఒక్కగానొక్క కూతురు సారలమ్మ అత్తగారింటికి పోయింది కూడా ఇలాంటి కరువులోనే. ఇంట్లో గింజ లేదు. పుట్టింటివాళ్లు పసుపు కలిపి ఒడిలో పోసే ఒడిబియ్యం పోయకుండానే సాగనంపింది. ఉత్త ఒడితో బండెక్కిన పిల్ల తొలి కాన్పులో పోయింది. కబురు అందేసరికి మట్టి కూడా చేసేశారు.

మొక్కలను గుట్టకు చేర్చే లారీ వచ్చే రోజు పొద్దున్నే ముత్తమ్మ కంట్రోలు బియ్యానికి పసుపు పట్టించి చేటలో తెచ్చింది.

"గిదేంది వదినె, ఎవలింట్ల పెండ్లి?" అంది తోటి కూలి శంకరమ్మ.

"మన పిల్లలదే. ఉత్త ఒడితోని ఎట్ల తోలియ్యాలె?"

"గుట్టనా పెండ్లికొడుకు? ఏరి ఏరి మంచి బట్టతలోన్ని దెచ్చినవ్."

ఆడవాళ్లంతా నవ్వారు. నవ్వుతూనే చేటలో చేతులు పెట్టారు. సంచి సంచికీ పైమట్టి గీరి, చిటికెడు బియ్యం పోసి కప్పారు. అచ్యుతరావు వచ్చేసరికి పని అయిపోయింది. వాళ్ల పసుపు చేతులు చూసి ఏదో పూజ అనుకుని, తనూ ఓ దండం పెట్టి లారీ ఎక్కాడు. లారీ నాగారం దారి పట్టేదాకా ముత్తమ్మ వెనకాలే నడిచింది.

ఆ వారమే మంచి వాన పడింది. "బతుకుతయి, ఫికర్ జేయకు," అంది శంకరమ్మ. చాలా కాలం తర్వాత ముత్తమ్మ కడుపునిండా తిన్నది.

కొన్నాళ్లకు అచ్యుతరావు వచ్చి బండ మీద కూర్చున్నాడు.

"అడవిపందులు పడ్డాయమ్మా. ఒక్క గుంటనూ వదల్లేదు. మొక్కను తినలేదు, పెకిలించి పక్కన పడేసి వేళ్ల చుట్టూ మట్టంతా కుళ్లగించాయి. పక్క వాలులో వేరే నర్సరీ మొక్కలు పెట్టాం. వాటి జోలికే పోలేదు. మన వాటి మట్టిలో ఏం వెతికాయో తెలియడం లేదు."

శంకరమ్మ గబుక్కున ముత్తమ్మ మోచెయ్యి పట్టుకుంది. ముత్తమ్మ విడిపించుకుంది.

"బియ్యం, సారూ. నేనే పోసిన. బిడ్డకు పోయలేకపోతి, గందుకని."

ఆయన బండ మీంచి లేచాడు. "పైవాళ్లతో పందులనే చెబుతాను. మీరెవరూ నోరెత్తకండి," అన్నాడు.

"మల్ల పెడదం, సారూ. గీపారి ఏం పొయ్య."

"వానలు అయిపోవచ్చాయమ్మా. మంజూరైన సొమ్మూ అయిపోయింది."

చలికాలంలో గొలుసులు పట్టుకుని జాగా కొలిచేవాళ్లు వచ్చారు. మిగిలిన మొక్కలను అడిగినవాళ్లకల్లా ఇచ్చేయమన్నారు. చిల్కానగర్ నుంచి రత్నకుమారి అనే రైల్వే ఉద్యోగి భార్య రిక్షాలో వచ్చి, ఇంటి ముందుకని కానుగ మొక్క అడిగింది.

"పాతేటప్పుడు అడుగున ఏమైనా వేయాలా అమ్మా?"

ముత్తమ్మ చెయ్యి ఒడి కొంగు మీదికి పోయి అక్కడే ఆగింది.

"ఏం వద్దు బిడ్డా. నీళ్లు పొయ్యి, సాలు."

మొక్కను శంకరమ్మతో ఎక్కించింది. తాను ముట్టుకోలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, రిక్షా మలుపు తిరిగేదాకా చెరువు వైపు మొహం పెట్టి నిలబడింది.