మైకు కూతురికి తట్టు సూది

మా తమ్ముణ్ణి పేటలో అందరూ మైకు అంటారు. మైకులు, స్పీకర్లు అద్దెకిచ్చే కొట్టు వాడిది. వారం రోజులుగా ఆటోకి స్పీకరు కట్టి టీకాలు వద్దని వీధి వీధీ ఊదరగొడుతున్నాడు. టీకాలు బాగా వేస్తే జనాభా పెరగడం తగ్గుతుందని ఎక్కడో ఎవరో డాక్టరు అన్న ముక్క వీడు ఫోన్లో చూశాడు. అంతే, ఇది పిల్లలు పుట్టకుండా చేసే కుట్రేనని తేల్చేశాడు.

అదే పేటలో నేను టీకాల నర్సుని. పక్క వీధిలో అప్పటికే తట్టు తగిలింది. ఒక పిల్లాడు ఊపిరందక ఆస్పత్రిలో ఉన్నాడు. తమ్ముడి కూతురికి తొమ్మిది నెలలు నిండాయి, ఇంకా సూది పడలేదు. 

ఆ రోజు టీకాల సెంటర్‌కి ఒక్క తల్లీ రాలేదు. టీకా మందుల ఐసు డబ్బా భుజాన వేసుకుని నేనే తమ్ముడి ఇంటికి వెళ్లాను. వాడు ముందు గదిలో పాత స్పీకరు విప్పుకుని కూర్చున్నాడు. పిల్ల మా అమ్మ ఒళ్లో ఉంది.

"అక్కగా వస్తే కూర్చో. నర్సుగా వస్తే అటునుంచి అటే పో" అన్నాడు.

"నర్సుగానే వచ్చా. అక్క మాట నువ్వెప్పుడు విన్నావు గనక?"

డబ్బా తెరిచి మందు సీసా బయటికి తీశాను. తట్టు మందు పొడిగా ఉంటుంది. నీళ్లు కలిపామా, ఆ పూటే వాడెయ్యాలి, మిగిలితే పారబొయ్యాలి. అందుకే పిల్ల ఎదురుగా కూర్చుని తల్లీతండ్రీ సరేనన్నాకే ఏ నర్సయినా కలుపుతుంది. నేను వాడి కళ్లముందే కలిపేశాను.

"ఎవర్నడిగి కలిపావ్?"

"ఎవర్నీ అడగలా. టీకాలతో జనాభా పెరగడం తగ్గుతుందని ఆ డాక్టరు అన్నాడా లేదా అనే కదా నీ గోల? అన్నాడు. తగ్గుతుంది కూడా."

"విన్నావా అమ్మా! అక్కే ఒప్పుకుంది!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"ఎలా తగ్గుతుందో కూడా అమ్మనే అడుగు. అమ్మా, నువ్వు ఆరుగుర్ని ఎందుకు కన్నావే?"

అమ్మ పిల్ల జుట్టు సవరించింది.

"మొదటి ఇద్దర్నీ తట్టు ఎత్తుకుపోయింది. ఆ తర్వాత పుట్టేవాళ్లలో ఎవరు దక్కుతారో నాకేం తెలుసే? కంటూ పోయాను. ఆ నలుగురిలో మీరిద్దరే నిలిచారు. ఇక పోరులే అని నమ్మకం కుదిరాకే ఆపాను."

మాకు తోబుట్టువులు పోయారని తెలుసు గానీ, అమ్మ నోట ఆ మాట వినడం అదే మొదలు.  అయినా తమ్ముణ్ణి వదల్లేదు.

"ఈ ఒక్క పిల్లే చాలన్నావ్ కదరా, ఏ ధైర్యంతో అన్నావ్? బతుకుతుందనేగా! అందరికీ ఆ ధైర్యం వస్తే అందరూ నీలాగే ఒకరితోనో ఇద్దరితోనో ఆపుతారు. తగ్గేది అలా. ఎవరికీ పిల్లలు పుట్టకుండా చేసి కాదు."

వాడు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"ఏమైనా సరే, నేనొప్పుకోను. ఊరంతా వద్దని చెప్పి నా పిల్లకి వేయిస్తే రేపు మొహం ఎక్కడ పెట్టుకోను?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత గోలా వీడి మొహం కోసమా! నేను నోరు తెరిచేలోగా మరదలు వంటింట్లోంచి వచ్చింది. ఆ ఇంట్లో ఆమె గొంతు పెద్దగా వినపడదు, వాడు సందిస్తేగా! అమ్మ ఒళ్లోంచి పిల్లని తీసుకుని వాడి ఒళ్లో కూర్చోబెట్టింది.

"మీరు ఒప్పుకోవద్దు. మొహం మీ ఇష్టమొచ్చిన చోట పెట్టుకోండి. పిల్ల చెయ్యి మాత్రం కదలకుండా పట్టుకోండి. వదినా, నువ్వు వెయ్యి."

వాడు ఆమె వంక చూశాడు. పిల్ల వాడి చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది.

"ఏ చెయ్యి అక్కా?"

"కుడిది."

గట్టిగా పొదివి పట్టుకున్నాడు. సూది దిగింది. పిల్ల కంటే ముందు వాడే ఏడ్చాడు.