అమావాస్య వెళ్లేదాకా

చింతపండును అవ్వ, అంటే మా అమ్మ, రాతి మీద పెట్టి సుత్తితో కొడుతుంటే, నేను గింజలు, ఈనెలు తీసి వేరే చాటలో వేస్తున్నాను. ఇద్దరి చేతులూ జిగటగా ఉన్నాయి. వదిన ఫోన్ నా పక్కన పీట మీద ఉంది. అది మోగినా, మెరిసినా ముందు చేతులు కడుక్కోవాలని పొద్దున్నే తడి బట్ట ఒకటి దగ్గర పెట్టుకున్నాను.

వదిన ప్రమోద కామారెడ్డిలో యూనివర్సిటీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. పన్నెండేళ్లుగా అసిస్టెంట్ ప్రొఫెసర్. ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో పోయి వస్తుంది. అన్న దుబాయిలో ఉంటాడు. అసోసియేట్ ప్రొఫెసర్ కావడానికి ఆమె ఇదివరకు రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. మొదటిసారి ట్రైనింగ్ సర్టిఫికెట్ తక్కువైందన్నారు. రెండోసారి పరిశోధన వ్యాసాలు చాలలేదన్నారు. ఆ రెండోసారి పంపిన రోజు అమావాస్య. అది అవ్వకు బాగా గుర్తు.

ఈసారి ఏ లోటూ లేకుండా చూసింది పద్మలత మేడం. వదిన కాలేజీలోనే ప్రొఫెసర్, వదిన కంటే పదిహేనేళ్లు పెద్ద. ఆమే పట్టుబట్టి వదినకు హైదరాబాదులో మూడు వారాల ట్రైనింగులో సీటు ఇప్పించింది. వదిన రాసిన వ్యాసాలు ఎర్ర పెన్నుతో దిద్ది, మళ్లీ రాయించి పంపించింది. రెండు ఆదివారాలు మా ఇంటికే వచ్చి, ఈ మంచం మీద కాగితాలన్నీ పరిచి, వరుసలో పెట్టి ఫైలు కుట్టించింది. ఈ నెలాఖరుకు ఆమె రిటైర్ అవుతుంది.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో పంపాలి. గడువు ఈ రోజు సాయంత్రం అయిదు. వదినకు పరీక్షల డ్యూటీ పడింది. హాల్లోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. ఓటీపీ ఈ ఫోన్‌కే వస్తుంది కాబట్టి నా దగ్గర పెట్టి వెళ్లింది.

"అన్నీ ఎక్కించిన ప్రణీ. ట్రైనింగోళ్లు ఇయ్యాల పొద్దుగాల సర్టిఫికెట్ పంపుతమన్నరు. అది ఒక్కటి పెట్టి సబ్మిట్ నొక్కు. అంతే పని."

పదకొండుకు సర్టిఫికెట్ వచ్చింది. చేతులు తుడుచుకుని ఎక్కించాను. సబ్మిట్ అన్న పచ్చ గుర్తు మీద వేలు పెట్టబోతుంటే అవ్వ సుత్తి ఆపింది.

"ఆగు. ఇయ్యాల అమాస."

"వదిన నొక్కుమన్నది అవ్వా."

"నొక్కొద్దంటలేను. క్యాలెండర్ల సూడు, ఎప్పటిదాక ఉన్నదో."

చూశాను. సాయంత్రం నాలుగూ పది దాకా ఉంది.

"అయిదింటికి కదా ఆఖరు. నాలుగూ పదికి అమాస పోతది. యాభై నిమిషాలు ఉంటది నీకు. పోయినసారి అమాస నాడు పంపిండ్రు, ఏమైంది? వారం దినాలు ఆ పిల్ల అన్నం సక్కగ తిన్నదా?"

ఆ వారం నాకూ గుర్తుంది. వదిన ఎప్పటిలాగే కాలేజీకి పోయి వచ్చేది, పళ్లెంలో అన్నం కలిపి అట్లాగే కూర్చునేది. అవ్వది మొండితనం కాదు, భయం. నేను ఫోన్ మళ్లీ పీట మీద పెట్టాను.

పన్నెండున్నరకు పద్మలత మేడం ఫోన్ చేసింది.

"ప్రమోదా, పంపినవా?"

"నేను మేడం, ప్రణీతను. వదిన పరీక్ష డ్యూటీల ఉన్నది."

"అప్లికేషన్ పోయిందా బిడ్డా? సర్వర్ మస్తు మెల్లగ నడుస్తున్నదంట. పంపలేకపోతున్నోళ్ల పేర్లు రాసుకుంటున్న. రేపు పదింటికి ఆ లిస్టు ఆఫీసుల ఇచ్చి రెండు దినాల గడువు అడుగుత. మీ వదినది గూడ రాసి పెట్టిన, పోతే చెప్పు."

అవ్వ నా మొహంలోకి చూస్తోంది. పోలేదంటే ఎందుకని మేడం అడుగుతుంది. ఎర్ర పెన్ను పట్టుకుని ఆ మంచం మీద కూర్చున్న మనిషికి అమావాస్య అని చెప్పడానికి నోరు రాలేదు. నాలుగూ పదికి ఎట్లాగూ పంపుతాను కదా అనుకున్నాను.

"పోయింది మేడం," అన్నాను.

"శాన మంచిది. అయితే మీ వదిన పేరు కొట్టేస్తున్న. ఒక బరువు దిగింది నాకు."

ఆ తర్వాత నాకు గింజలు సరిగ్గా కనపడలేదు. తీసిన పండులోనే గింజలు వదిలేస్తుంటే అవ్వ రెండుసార్లు వెనక్కి వేసింది. గడియారం చూడకుండా ఉండాలని గోడకు వీపు పెట్టి కూర్చున్నాను. ఫోన్‌లో టైము కనపడుతూనే ఉంది.

నాలుగూ పదకొండుకు నొక్కాను. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది. నాలుగూ ఇరవై దాకా తిరిగింది. మళ్లీ లాగిన్ కమ్మంది. ఓటీపీ వచ్చేసరికి దాని టైము అయిపోయింది. ఇంకొకటి అడిగాను. ఇంటి ముందుకు పోయాను, మిద్దె ఎక్కాను, సిగ్నల్ నిండుగానే ఉంది. చక్రం మాత్రం తిరుగుతోంది. కింద నుంచి అవ్వ, "పోయిందా?" అని అడిగింది. కాసేపటికి మళ్లీ అడిగింది. మూడోసారి అడగలేదు.

నాలుగూ నలభైకి మేడం నంబరు తీశాను. ఆమె పేరు మీద వేలు పెట్టి, నొక్కకుండానే తీసేశాను. పోయిందని చెప్పిన నోటితో పోలేదని చెప్పాలి. ఇంకొక్కసారి చూద్దాం అనుకున్నాను. అట్లా మూడుసార్లు అనుకున్నాను. ఆ తర్వాత తెర మీద గడువు ముగిసిందని వచ్చింది.

వదిన ఆరు దాటాక వచ్చింది. చెప్పులు విప్పుతూనే, "అయిపోయిందా ప్రణీ?" అంది.

"లేదు వదినా."

ఆమె గ్లాసుతో నీళ్లు తీసుకుని సగం తాగింది.

"సర్టిఫికెట్ రాలేదా?"

"పదకొండుకే వచ్చింది."

అవ్వ అందుకుంది. "నేనే ఆపిన. అమాస పొయ్యేదాక ఉండుమన్న. దాన్ని ఏమనకు."

"ఎవ్వల్ని అంటలేను అత్తమ్మా," అంది వదిన. అని నా ఎదురుగా కూర్చుని, మిగిలిన చింతపండు ముందుకు లాక్కుని గింజలు తీయడం మొదలుపెట్టింది. చేతి గడియారం కూడా విప్పలేదు.

"మేడం ఫోన్ చేయలేదా?"

"చేసింది. పోయిందని చెప్పిన." లిస్టు సంగతి కూడా చెప్పాను. పేరు కొట్టేస్తున్నానని మేడం అన్న మాట చివర్లో చెప్పాను. "రేపు పదింటిదాక లిస్టు మేడం దగ్గరనే ఉంటది వదినా. ఇప్పుడు ఫోన్ చేద్దాం."

వదిన చేతిలోని గింజను వేళ్ల మధ్య తిప్పింది.

"చేసి ఏమని చెప్పాలె? అమాస అని ఆపుకున్నమని చెప్పాల్నా? పన్నెండేండ్ల సంది పిల్లలకు ఫిజిక్స్ చెప్తున్న. మా ఇంట్ల గిట్ల అయిందని ఏ మొహం పెట్టుకొని చెప్పాలె మేడంకు? సర్వర్ మీద పెట్టి ఇంకో అబద్ధం చెప్పాల్నా?"

గట్టిగా అనలేదు. రేపటి కూర గురించి మాట్లాడినట్టే అంది. నేను ఫోన్ ఆమె వైపు జరిపాను. ఆమె తీసుకోలేదు.

అవ్వ లేచింది. నల్లా దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. లోపలికి పోయి ఫైలు తెచ్చి, నీళ్లు తగలకుండా తువ్వాలలో చుట్టింది. శుభ్రం చేసిన చింతపండు రెండు పిడికిళ్లు ఒక కవర్లో వేసి ముడి వేసింది. కామారెడ్డిలో స్టేషన్ వెనక మేడం వాళ్ల నీలం గేటు ఇల్లు ఆమెకు తెలుసు. పోయిన ఏడు చిక్కుడుకాయలు ఇయ్యడానికి వదిన వెంట ఒకసారి వెళ్లింది. ఒక్కతే కామారెడ్డికి ఎప్పుడూ పోలేదు.

వదిన చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు.

ఏడు గంటల బస్సుకు ఇంకా పావుగంట ఉంది. అవ్వ గడప దగ్గర వంగి, తన చెప్పులకు బదులు చీకట్లో నా చెప్పులు వేసుకుంది. కొంగు నడుముకు చెక్కుకుని, ఫైలును చంకలో పెట్టుకుని, మా ఇద్దరి వైపూ చూడకుండా బయటికి వెళ్లిపోయింది.