జానెడు ఒత్తి

ఆ ఇంట్లో స్వాతంత్ర్య దినం నాడు టపాసులు కాల్చడమంటే అగ్గిపుల్ల గీసి పరిగెత్తడం కాదు. ఒక్కొక్కరికి ఒక్కో తారాజువ్వ. దాని పొట్టి ఒత్తికి ఇంకో జానెడు ఒత్తి ముడివేస్తారు. వంతు వచ్చినవాళ్ళు జువ్వని సీసాలో నిలబెట్టి, ఒత్తి వెలిగించి, అది కాలినంతసేపూ మనసులో ఉన్నది పైకి చెప్పాలి. మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు, మూతి ముడవకూడదు, తర్వాత దెప్పకూడదు. నిప్పు ముడి దగ్గరికి రాగానే చెప్పేవాళ్ళు వెనక్కి తప్పుకుంటారు.

ఈ పద్ధతి పెట్టింది మామగారి తండ్రి. పరాయివాళ్ళు ఏలే రోజుల్లో ఒక్క మాట అన్నందుకు రెండేళ్ళు జైల్లో పెట్టారాయన్ని. లోపల దొంగచాటుగా దాచిన ఒత్తి ముక్క వెలిగించి, అది ఆరేదాకా ఖైదీలు వంతులేసుకుని మాట్లాడుకునేవారట. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి బయటపడ్డాక, "ఇక ఎంత పొడుగు ఒత్తైనా పెట్టుకోవచ్చు. కానీ జానెడు చాలు, అది దాటితే ఉపన్యాసం అవుతుంది" అన్నాడట.

ఏటా ఒత్తులు కట్టేది అత్తగారు. ఈ ఏడు కంటి ఆపరేషన్ అయిందని ఆ పని కోడలి మీద పడింది. కోడలు చొక్కాల కార్ఖానాలో కాలర్లు కుడుతుంది, వేళ్ళు మహా చురుకు. మధ్యాహ్నం వంటింటి గట్టు మీద కత్తెర పెట్టుకుని చకచకా ముడులు వేసేసింది. కూతురి జువ్వ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఎందుకంటే సాయంత్రం కార్ఖానా ఓనరు వస్తున్నాడు. మామగారు గడియారాలు బాగుచేసి రిటైరైన మనిషి, రోడ్డు మీద ఎవరు నవ్వినా ఇంటికి పిలిచేస్తారు. "మా కోడలికి అన్నం పెట్టే మహానుభావుడు" అని ఈయన్నీ పిలిచేశారు. ఆ మహానుభావుడు కిందటి నెలలో రెండు గుడ్డ తానులు పోయాయని కార్ఖానా వెనక తలుపుకి బయటినుంచి తాళం వేయించాడు. లోపల నలభైమంది ఆడవాళ్ళు, నడుం ఎత్తు గుడ్డ పేలికలు, అతుకుల వైర్లతో ఇస్త్రీపెట్టెలు. ఎవరూ నోరెత్తలేదు. కోడలూ ఎత్తలేదు, ఇంట్లో కూడా చెప్పలేదు. కానీ ఓ రోజు తల్లి మర్చిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్ళి కూతురు ఆ తాళం చూసింది.

"నిప్పంటుకుంటే ఎటు పరిగెడతారే అమ్మా?"

"నోర్ముయ్. ఈ పని పోతే నీ కాలేజీ ఎవడు చదివిస్తాడు?"

ఆ పిల్లని ఇంట్లో చిటపట అంటారు. పేరు ఊరికే రాలేదు. నిన్న రాత్రి చిటపట చెప్పేసింది, తన వంతులో తాళం సంగతి అంటానని. బతిమాలితే వినలేదు, తిడితే నవ్వింది.

కోడలు కత్తెర తీసుకుంది. కూతురి ఒత్తిని బొటనవేలంత మిగిల్చి తెంపేసింది. రెండు ముక్కలు అనేలోపు జువ్వ లేస్తుంది, తక్కినది ఆ చప్పుడులో కొట్టుకుపోతుంది అనుకుంది. గండం గడిచినట్టే ఊపిరి పీల్చుకుంది కూడా.

చీకటి పడుతుండగా అందరూ డాబా ఎక్కారు. ఓనరు ఇస్త్రీ మడత నలగకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు. నడుముకి తాళాల గుత్తి వేలాడుతోంది. కోడలి కళ్ళు వద్దన్నా దాని మీదికే పోతున్నాయి.

ముందు మామగారు. ఒత్తి వెలిగించి చేతులు జోడించారు. "ఏ మాటకి మా నాన్న రెండేళ్ళు గోడలు చూస్తూ కూర్చున్నాడో, ఆ మాట నేను రోజూ కాఫీ తాగుతూ అంటున్నాను. నన్ను పట్టుకోడానికి ఎవడూ రావట్లేదు. అది ఇచ్చినవాళ్ళందరికీ దండం." జువ్వ రివ్వున లేచింది.

తర్వాత కొడుకు, బస్సు కండక్టరు. "ఈ దేశంలో ప్రతివాడికీ నన్ను తిట్టే స్వేచ్ఛ ఉంది. దాన్ని అందరూ బాగా వాడుకుంటున్నారు" అన్నాడు. ఓనరు పగలబడి నవ్వాడు. కోడలికి నవ్వు రాలేదు.

"చిటపటా, రావే" అన్నారు మామగారు. కోడలి వంతు ఎప్పుడూ ఆఖరే, ప్లేట్లు సర్దేది ఆవిడే కదా. వంతొచ్చాక ఆవిడ అనేది కూడా ఏటా ఒకటే, "అందరూ చల్లగా ఉండాలి" అని. మిగతా ఒత్తంతా ఊరికే కాలిపోయేది.

చిటపట జువ్వని సీసాలో పెట్టింది. ఒత్తి వంక చూడనే లేదు, చూపంతా ఓనరు మీదే ఉంది. కొవ్వొత్తి పట్టుకుని వంగింది. పుట్టిన దగ్గర్నుంచీ జానెడు ఒత్తి చూసిన పిల్ల, తీరిగ్గా మొహాన్ని సీసా మీదికి తెచ్చింది. జడ ముందుకి జారింది.

కోడలు అది చూసింది. మాటని తెంపుదామనుకుంది గానీ, ఆ మాట వెనక మొహం ఉందని తట్టనే లేదు.

"ఆగు!"

ఆ డాబా మీద, ఒకరి వంతులో, ఇంకొకరు అరవడం అదే మొదలు. కొవ్వొత్తి మంట ఒత్తికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. కోడలు ఒక్క ఉరుకున వెళ్ళి కూతురి రెక్క పట్టి లాగేసింది.

"ఏమిటే అది? పిల్ల వంతులో అడ్డొస్తావా?" అన్నారు అత్తగారు నల్లద్దాల వెనకనుంచి.

"ఒత్తి లేదత్తయ్యా దానికి. నేనే కత్తిరించేశాను."

"ఎందుకు?"

"ఇది మాట్లాడుతుందని భయమేసి." కోడలు పట్టిన రెక్క వదల్లేదు. "ఇంకొంచెమైతే దీని కళ్ళు పోయేవి, నా చేతులారా..."

చిటపట తల్లిని వింతగా చూసింది. కోపం తెచ్చుకోబోయి, ఆ పట్టు చూసి మానేసింది.

కోడలు పళ్ళెంలోంచి తన జువ్వ తీసింది. దాని జానెడు ఒత్తి విప్పి, కూతురి జువ్వకి ముడివేసింది. రోజుకి రెండొందల కాలర్లు తిప్పే వేళ్ళు ఆ ఒక్క ముడికి మూడుసార్లు తడబడ్డాయి. కొవ్వొత్తి కూతురికి ఇవ్వబోయింది.

"నువ్వే చెప్పమ్మా. పని చేసేది నువ్వు కదా" అంది చిటపట మెల్లిగా.

కోడలు ఓనరు వంక చూసింది. ఈ నెల జీతం, కాలేజీ, అత్తగారి కళ్ళమందు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. అయినా వంగి ఒత్తి వెలిగించింది.

"మేం పని చేసే చోట వెనక తలుపుకి బయటినుంచి తాళం వేస్తున్నారు మావయ్యా. నలభైమందిమి లోపల ఉంటాం. నాకు రోజూ భయమేస్తోంది."

అంతే. ఇంకేమీ మిగల్లేదు చెప్పడానికి. ఒత్తి మాత్రం బోలెడు మిగిలింది. నిప్పు సుయ్ సుయ్‌మంటూ తాపీగా పాకుతోంది.

ఓనరు లేచాడు. "ఏమ్మా, తాళం ఎందుకేశానో అది కూడా..."

మామగారు చెయ్యెత్తారు. "ఒత్తి ఇంకా కాలుతోందండీ."

ఓనరు నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలబడిపోయాడు. ఆ కాస్తసేపూ కోడలు తల దించుకోకుండా నిలబడింది. నిప్పు ముడిని తాకగానే తల్లీకూతుళ్ళు వెనక్కి జరిగారు. జువ్వ లేచి, పైన పగిలి, డాబా అంతా వెలుగైంది.

మామగారు పళ్ళెంలోంచి అతిథి కోసం కట్టించిన జువ్వ తీసి ఓనరుకి అందించారు. మర్యాదగానే అందించారు. "ఇప్పుడు మీ వంతు. జానెడు ఒత్తి మీకూ ఉంది. మీరు చెప్పేది మేమూ నోరు మూసుకుని వింటాం."

ఓనరు దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. చెప్పేదేదో వెతుక్కుంటున్నట్టు గుత్తి తడుముకున్నాడు. చివరికి జువ్వని కుర్చీలో పెట్టేసి, ఎవరితోనూ చెప్పకుండా మెట్లు దిగిపోయాడు. తాళాల చప్పుడు వీధి దాకా వినిపించింది.

"నాకొక్క ముక్క చెప్పలేదేం?" అన్నాడు కండక్టరు భార్యతో.

చిటపట తల్లి చెయ్యి పట్టుకుంది. "రేపు పనికెళ్తావా అమ్మా?"

"వెళ్తాను" అంది కోడలు. "వెనక తలుపు దగ్గరికే వెళ్ళి నిలబడతాను. తాళం తీస్తేనే లోపలికెళ్తాను."