వెయ్యి లోపు సంఘం

గోపాలపట్నంలో సన్యాసిరాజు మేడ మీద ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు ఒక సంఘం కూర్చుంటుంది. సభ్యులు పదకొండు మంది. లోకానికి తెలియని పాటగాళ్ళనీ వాయిద్యగాళ్ళనీ వెతికి పట్టుకుని ఒకరికొకరు పరిచయం చేసుకోవడం ఆ సంఘం పని. యూట్యూబులో వాళ్ళ పాట విన్నవారి లెక్క వెయ్యి దాటకూడదు. దాటిందంటే వాళ్ళు లోకంలో కలిసిపోయినట్టే, ఇక సంఘానికి వాళ్ళతో పని లేదు. అందుకే దీనికి వెయ్యి లోపు సంఘం అని పేరు పెట్టుకున్నారు.

అధ్యక్షుడు సన్యాసిరాజే. పోర్టులో ముప్ఫై రెండేళ్ళు టాలీ గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. ఓడలోంచి ఎన్ని బస్తాలు దిగాయో గట్టు మీద నిలబడి గీతలు పెట్టుకోవడం ఆ ఉద్యోగం. రిటైరయ్యాక ఓడలు ఆగాయి గానీ గీతలు పెట్టే చెయ్యి ఆగలేదు. సంఘానికి రూళ్ళ పుస్తకం ఒకటి, మినిట్స్ పుస్తకం ఒకటి పెట్టి, రెండూ తనే రాసేవాడు.

సభ్యుడు లేచి నిలబడి వాయిద్యగాడి పేరు, ఊరు, లెక్క చెప్పాలి. "మూడొందల పన్నెండు" అంటే మిగతావాళ్ళు తలలూపుతారు. "ఎనభై" అంటే "అబ్బో" అంటారు. స్టీల్ ప్లాంటులో పనిచేస్తూ సబ్బవరం కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న వీరేంద్ర ఒకసారి "తొమ్మిదొందల నలభై" అని ఒక పిల్లనగ్రోవి ఆయన్ని పరిచయం చేశాడు. సినిమా హీరోని పట్టుకొచ్చినట్టు పదిమందీ అతని వైపు చూశారు. ఎవరైనా వెయ్యి దాటితే ఫోను మీద శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి, జాబితాలోంచి కొట్టేస్తారు. ఎంతమంది దాటినా అదే శాలువా.

ఇందులో ఒక చిక్కుంది. వీళ్ళు వింటే కూడా లెక్క పెరుగుతుంది. పదకొండు మంది రోజుకి నాలుగేసి సార్లు విన్నారంటే పాపం ఆ వాయిద్యగాడు నెల తిరక్కుండా వెయ్యికి చేరిపోతాడు. అలా ఇద్దర్ని పోగొట్టుకున్నాక సన్యాసిరాజు రూలు రాశాడు. వినడం ఆదివారం, ఒక్కసారే, అధ్యక్షుడి ఫోనులోనే. దానికి స్పీకరు తగిలిస్తారు, అందరూ చుట్టూ కూర్చుంటారు. ఏ సభ్యుడూ ఒంటరిగా వినకూడదు. ఇంటికెళ్ళాక మళ్ళీ వినాలనిపిస్తే గుర్తు తెచ్చుకోవాలి.

పోయిన ఏడాది ఒక ఆదివారం నీలిమ లేచింది. ఆ అమ్మాయి జంక్షన్లో మందుల షాపులో పనిచేస్తుంది, మాట తక్కువ. "యారాడ పైడయ్య. బుల్బుల్. రెండు," అని కూర్చుంది.

రెండు అనే లెక్క ఆ మేడ మీద అంతకు ముందెప్పుడూ వినబడలేదు.

బుల్బుల్ అంటే తీగల మీద టైపు మిషనుకున్నట్టు మీటలుండే వాయిద్యం. కుడిచేత్తో తీగ మీటి, ఎడమచేత్తో మీటలు నొక్కాలి. ఎక్కడో భజనల్లో తప్ప కనబడదు. వీడియోలో ఒక మనిషి మోకాళ్ళు, ఆ మోకాళ్ళ మీద బుల్బుల్, వెనకాల వలల కుప్ప. మొహం కనబడదు. పాట పేరు "నాన్న 1". తర్వాత శనివారం సాయంత్రం "నాన్న 2" వచ్చింది. కూతురెవరో తీసి పెడుతోందని అందరికీ అర్థమైంది. సన్యాసిరాజు నొక్కబోయే ముందు లెక్క రెండు ఉండేది, నొక్కాక మూడయ్యేది. ముప్ఫై ఒక్క ఆదివారాలు అలాగే జరిగింది.

మినిట్స్ పుస్తకంలో రాయని సంగతి ఒకటుంది. ఆ బుల్బుల్ మోగిన నాలుగు నిమిషాలూ సన్యాసిరాజుకి చుట్టూ పదిమంది ఉన్నారని గుర్తుండేది కాదు. ఎదురుగా కూర్చుని తనకోసమే వాయిస్తున్నట్టుండేది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఓడల కూతలు విన్న చెవులవి. ఆ చెవులకి ఎవరో తీరిగ్గా కబురు చెబుతున్నట్టుండేది. ఈ మాట బయట పెడితే అధ్యక్షుడి పరువు ఉండదని ఊరుకున్నాడు.

ఇంతలో ఆయన ఎడమ కంటికి శుక్లం ఆపరేషను జరిగింది. పదిహేను రోజులు ఫోను చూడొద్దని డాక్టరు చెప్పాడు. ముందు జాగ్రత్తకి ఇంకో రెండు రోజులు కలిపి ఆయన భార్య నారాయణమ్మ ఫోను బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ మూడు ఆదివారాలూ సంఘం కూర్చుంది. అధ్యక్షుడి ఫోను లేదు కాబట్టి పాట లేదు. టీ తాగి, "పాట లేదు" అని మినిట్స్ రాసుకుని, ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. రూలు రూలే.

సోమవారం ఫోను చేతికొచ్చింది. మొదటి రెండు శనివారాల పాటలూ ఉన్నాయి, లెక్క రెండు, రెండు. మూడో శనివారం పాటే లేదు. మర్నాడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, నారాయణమ్మ అంటున్నవి వినబడనట్టు బస్సెక్కాడు.

సింధియా దాటి, కొండెక్కి దిగితే యారాడ. పైడయ్య ఇల్లు అడిగితే చూపించారు. అరుగు మీద యాభై అయిదు దాటిన మనిషి వల బాగుచేసుకుంటున్నాడు. ఆ మోకాళ్ళు చూడగానే సన్యాసిరాజు గుర్తుపట్టాడు. పక్కన పీట మీద తెల్లగుడ్డ కప్పి బుల్బుల్ ఉంది. దాని ముందు దీపం వెలుగుతోంది.

"పైడయ్య గారేనా?"

"అవును బాబూ. ఏటి పని?"

"ఈ వారం పాట పెట్టలేదని..."

"మైల్లో ఉన్నాను బాబూ," అన్నాడు పైడయ్య. "ఎల్లుండి పెద్దకర్మ. అందాకా బుల్బుల్ వాయించకూడదు. ఎల్లుండి దాన్ని గుడికాడ భజనోళ్ళకి ఇచ్చీత్తాను."

"అయ్యో. ఎవులు పోనారు?"

"మూడోడు."

అంటే మూడో తమ్ముడో, మూడో కొడుకో అనుకుని సన్యాసిరాజు కళ్ళద్దాలు తీశాడు. లోపల్నించి పైడయ్య భార్య మహాలక్ష్మమ్మ చేపలు తోముతున్న చేతులతోనే బయటికొచ్చింది.

"నువ్వైనా సెప్పు బాబూ. ఊరూ పేరూ తెలీని మనిసికి మైల పట్టేడు. సుట్టమా, పక్కమా?"

"సుట్టం కంటే ఎక్కువే," అన్నాడు పైడయ్య, వల మీంచి తలెత్తకుండా. "మా గుంట మహేశ్వరి ఫోనులో పెడతాది. లెక్కలో ఒకటి దానిది పడతాది, ఒకటి నాది. ఆదివారం పది దాటగానే మూడోది పడతాది. ముప్పై ఒక్క వారాలు ఒక్కపాలి తప్పలేదు. నైట్ డ్యూటీ సేసొచ్చి, లెగిసి, టీ తాగతా ఇంటాడనుకున్నాను. ఒంటిగా ఉంటాడనుకున్నాను. వరసగా రెండు వారాలు పడలేదు. అంత నేమంగా ఇన్నోడు ఊరికే మానీడు బాబూ. పోనాడు."

"పది అయితే వేట కాడ్నించి వొచ్చి, తిండి మానీసి, ఫోను ఎదర కూకునీవోడు," అంది మహాలక్ష్మమ్మ. "పడగానే నవ్వీవోడు. ఆ నవ్వు కోసరమని నానూ ఊరుకున్నాను."

తన పెద్దకర్మకి రెండు రోజుల ముందు వచ్చి, తన దీపం తనే చూసుకునే యోగం అందరికీ పట్టదు. సన్యాసిరాజు కళ్ళద్దాలు జేబులో పెట్టుకున్నాడు.

"ఆ మూడోణ్ణి నానే."

పైడయ్య వల కింద పెట్టి ఎగాదిగా చూశాడు. "ఎవులైనా అంటారు అలాగ. నమ్మకమేటి?"

సన్యాసిరాజు ఆలోచించాడు. "నాన్న పద్నాలుగులో, మూడో నిమిషం కాడ, వెనకాల్నించి ఒకావిడ 'అన్నం సల్లారిపోతంది, ఆ గోల ఆపి రా' అంటాది. మీరు ఒక్క చిటికె ఆపి, మళ్ళీ అందుకుంటారు. అక్కడ్నించి ఆఖరి దాకా మెల్లగా వాయిస్తారు. మీ అన్నిట్లోకీ అదే గొప్పది."

మహాలక్ష్మమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నానన్న మాట ఊరంతా ఇనీసిందా?"

"ఊరికి తెలీదమ్మా. పదకొండు మందికే తెలుసు."

నోరు జారిందని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. పదకొండు మందేటని పైడయ్య అడిగాడు. సంఘం గురించి, రూలు గురించి, ఒక్క ఫోను గురించి సన్యాసిరాజు చెప్పాల్సి వచ్చింది. మేడ మీద ఎంతో ఘనంగా ఉండే రూలు ఆ అరుగు మీద చెబుతుంటే నసుగుడులాగే ఉంది.

"పదకొండు మంది ఇని, ఒక్కడిలాగ కనబడ్డారా?"

"మీ మంచికే. మిమ్మల్ని కాపాడుకుందామని."

"దేన్నించి?"

"జనం నుంచి."

"జనం కోసరమే కదా బాబూ నాను పెడతన్నది!"

పైడయ్య అరవలేదు. అరిచి ఉంటే సన్యాసిరాజుకి కొంత బాగుండేది. పదకొండు మందిని ఒక్క గీతగా పెట్టానని అప్పుడు తట్టింది. ఉద్యోగంలో ఒక్క బస్తా తప్పు పెట్టని మనిషి.

పైడయ్య వల మళ్ళీ అందుకుని రెండు ముడులు వేశాడు. "శనివారం ఒకటి పెడతాను," అన్నాడు చివరికి. "మీ పదకొండూ పడాల. పడకపోతే నువ్వు సెప్పిందంతా ఉత్తిదే. మూడోడు పోయినట్టే లెక్క. పెద్దకర్మ ఆదివారం సేసుకుంటాను."

దీపం మాత్రం ఆర్పలేదు. సన్యాసిరాజు తన ఫోను నంబరు చీటీ మీద రాసి మహాలక్ష్మమ్మ చేతికిచ్చి బస్సెక్కాడు.

ఇంటికొచ్చి రూళ్ళ పుస్తకం తీసి ఆ పేజీ అడ్డంగా కొట్టేశాడు. అందరికీ ఫోన్లు చేశాడు. వీరేంద్ర ఒక్కడే "మరి రూలో, ప్రెసిడెంటు గారూ?" అన్నాడు. "మార్చాను" అంటే "ఎవరు మార్చారో మినిట్స్‌లో రాయండి" అని ఒప్పుకున్నాడు.

ఆదివారం అయిదున్నరకే సన్యాసిరాజుకి మెలకువ వచ్చింది. "నాన్న 34" వచ్చి ఉంది. లెక్క రెండు. పదింటి దాకా ఆగుదామనుకున్నాడు. పళ్ళు తోముకున్నాడు, కంట్లో చుక్కలు వేసుకున్నాడు, కాఫీ తాగాడు. ఆరైంది. ఎవరూ చూడకుండా మేడెక్కి, పిట్టగోడ పక్కన నిలబడి, స్పీకరు లేకుండా ఫోను చెవికి ఆనించుకుని నొక్కాడు. సంఘం పెట్టాక ఒక్కడే విన్న మొదటి పాట అదే. మొదట్లో మీటలు తడబడ్డాయి. పన్నెండు రోజులు తాకని చెయ్యి కాబోలు. రెండో నిమిషానికి సర్దుకుంది.

కంటికి నీళ్ళు తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. తగిలాయి.

పదింటికి సభ్యులు వచ్చారు. పది ఫోన్లు ఒక్కసారిగా నొక్కమన్నాడు. ఎవరూ ఒక్కసారిగా నొక్కలేదు. ఒకరి బుల్బుల్ మొదలయ్యాక మరొకరిది మొదలై, పది బుల్బుళ్ళు ఒకదాన్నొకటి తరుముకున్నాయి. పక్క డాబా మీద వడియాలు పెడుతున్నావిడ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. నాలుగు నిమిషాలూ పదిమందీ కదలకుండా, మొహాలు గంభీరంగా పెట్టుకుని విన్నారు. ఆఖరి ఫోను వీరేంద్రది ఆగాక నీలిమ లెక్క చూసింది.

"పదమూడు."

"శాలువా తియ్యాలా?" అన్నాడు వీరేంద్ర.

"ఇంకా తొమ్మిదొందల ఎనభై ఏడు ఉంది," అన్నాడు సన్యాసిరాజు.

అప్పుడే ఫోను మోగింది. అలవాటు కొద్దీ స్పీకరుకి తగిలించి ఉందని ఆయన చూసుకోలేదు.

"పదమూడు పడ్డాయి," అన్నాడు పైడయ్య మేడంతా వినబడేలా. "పదకొండు కొత్తవి. నువ్వన్నది నిజమే. ఒక్కటడుగుతాను, సెప్పు. పదీ పదింటికి పడ్డాయి. ఒకటి మాత్రం పొద్దున్న ఆరింటికే పడింది. అదెవులిది?"

పదిమందీ అధ్యక్షుడి వైపు తిరిగారు. రూళ్ళ పుస్తకంలో కొట్టేసింది ఒక్క ఫోను రూలునే. ఏ సభ్యుడూ ఒంటరిగా వినకూడదన్నది పక్క పేజీలో, ఆయన గుండ్రటి రాతలో, అలాగే ఉంది. వీరేంద్ర మినిట్స్ పుస్తకం తెరిచి పెన్ను తీశాడు.

"నాదే," అన్నాడు సన్యాసిరాజు. "పదింటిదాకా ఆగలేకపోయాను. మూడోది నాదే బావా."

అవతల సముద్రం చప్పుడు. తర్వాత ఎవరో ఉఫ్ మని ఊదినట్టు వినబడింది.

"అయితే బతికే ఉన్నావన్నమాట బావా," అన్నాడు పైడయ్య.

"బతికే ఉన్నాను."