ఎత్తు తరిగేలోపు

ముందు సీట్లో నేనున్నాను, వెనక సీట్లో నాకు ఎగరడం నేర్పిన ఓబులేసు సార్ ఉన్నారు, మా ఇద్దరి కింద నేల మెల్లగా తిరుగుతోంది. గ్లైడర్ ఎప్పుడు ఎక్కానో, తీగ తగిలించి మమ్మల్ని పైకి లాగిందెవరో గుర్తు లేదు కానీ, తీగ వదిలేశాక వచ్చే ఆ నిశ్శబ్దం మాత్రం చెవుల నిండా ఉంది. కింద కనబడుతున్నది కాలేజీ రోజుల్లో మా ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పిల్లలం ఎగరడం నేర్చుకున్న పాత రన్‌వేనే, అయితే దాని మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎవరో మిరపకాయలు ఆరబోశారు, ఒకసారి చూస్తే రన్‌వేలా, మరోసారి చూస్తే మా పల్నాటి కల్లంలా ఉంది, అందులో నాకేమీ వింత తోచడం లేదు. నా ఒంటి మీద డిగ్రీ రెండో ఏడాది నాటి నీలం యూనిఫాం ఉంది, బండిని నడిపే కర్ర పట్టుకున్న చేతులు మాత్రం ఇప్పటివే, నరాలు తేలిన ముసలి చేతులు.

ఆ బండిలో ముందువాళ్లకు వెనకవాళ్లు కనబడరు, గొంతు ఒక్కటే వినబడుతుంది. అయినా ఆయనేనని తెలుసు, ఆయన పోయారనీ తెలుసు. నిరుడు వానాకాలంలో అనంతపురంలో నిద్రలోనే పోయారట, నాతోపాటు క్యాడెట్‌గా ఉన్న సుగుణ ఫోన్ చేసి చెబితే మొన్ననే నాకు తెలిసింది. ఆయనకో మాట చెప్పుకోవాలని వయసంతా అనుకుంటూనే ఉన్నాను, పంట చేతికి రానీ, పిల్ల పెళ్లి కానీ, అని వాయిదా వేస్తూనే ఉన్నాను. ఇప్పుడు దొరికారు. దొరికింది ఇంజను లేని విమానంలో కాబట్టి, ఎత్తు ఉన్నంతసేపే మాట.

"పాపా, కర్ర అంత గట్టిగా పట్టుకోవాకు. అది ఎద్దు ముకుతాడు కాదు" అంటారు వెనక నుంచి, ఆ రోజుల్లో అన్నట్టే.

చెయ్యి వదులు చేస్తాను. ఎటు దిగుతావు, గాలి ఎటుంది అని అడుగుతారు, అడగడంలోనే నవ్వు వినబడుతుంది. ఆ నవ్వు దేనికో నాకు తెలుసు. గాలికి ఎదురుగా దిగాలని మొదటి రోజే చెప్పారు, కానీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కల్లంలో తూర్పారబట్టిన దాన్ని, గాలికి మొహం చూపిస్తే పొట్టు కళ్లలో పడుతుందని ఒంటికి తెలుసు, అందుకని దిగేవైపు నువ్వే తేల్చుకో అన్న ప్రతిసారీ నాకు తెలియకుండానే గాలికి వీపు పెట్టేదాన్ని. అలా ఒకసారి బండి ఆగక రన్‌వే దాటి కంపచెట్లలోకి పోయింది. ఈ చేటల పిల్లను జాబితా నుంచి తీసేయండి అన్నాడు మా కమాండింగ్ ఆఫీసరు. వారం తిరక్కుండా అదే ఆఫీసరు చూస్తుండగా ఓబులేసు సార్ వెనక సీట్లోంచి దిగిపోయి, ఒక్కదానివే పో అన్నారు.

ఎత్తు తరుగుతోంది. మిరపకాయలు విడివిడిగా కనబడే దాకా వచ్చాం. పక్కన రెండు గద్దలు రెక్క ఆడించకుండా సుడి తిరుగుతుంటే, వాటి కింద వేడిగాలి ఉందని పోల్చుకుని నేనూ అందులోకి దూరతాను. సీటు కింద నుంచి ఎవరో భుజమిచ్చినట్టు బండి లేస్తుంది.

"ఏం పాపా, గద్దల యెనకాల పడితివి?"

"ఎత్తు కావాలి సార్. మీరు దిగిపోతారని."

గద్దలు మేమున్నామన్న పట్టింపు లేకుండా తిరుగుతున్నాయి, వాటిలో ఒకటి మాత్రం మా ఊరి బస్సు కండక్టరు టికెట్ అడిగినట్టు చూస్తోంది. నేను అడగాల్సింది అడిగేస్తాను. అంతమంది ముందు, తీసేయమన్న పిల్లను ఏ ధైర్యంతో ఒంటరిగా పంపారు సార్, నేను పడిపోతే మీ ఉద్యోగం ఏమయ్యేది?

"నిన్ను ఒంటరిగా పంపింది ఆ పొద్దు కాదులే" అంటారు. "అంతకు ముందు నుంచే బండి నువ్వే దించుతాంటివి. నా చేతులు రెండూ చంకల్లో పెట్టుకోని కూచుంటాంటి, ఊరికే ఉండలేక నా ముందరి కర్ర మీదికి పోతాయేమోనని. గమ్మునుంటే నీకు అనుమానమొస్తాదని తిడుతాంటి, అంతే."

ఆ తిట్లు నాకింకా నోటికి వచ్చు. ప్రతి తిట్టూ ఆయన కర్ర సరిదిద్దుతూ తిట్టిందే అనుకున్నాను. నవ్వొస్తుంది, నవ్వులో కళ్లు మసకబారి, కింద కల్లం రన్‌వే అయి, రన్‌వే మళ్లీ కల్లం అవుతుంది.

అప్పుడు చెప్పుకుంటాను. ఆడపిల్లల్ని ఆ రోజుల్లో ఎయిర్‌ఫోర్సులో పైలట్లుగా తీసుకోలేదు సార్, డిగ్రీ కాగానే పెళ్లి చేశారు, విమానం మళ్లీ ఎక్కలేదు. కానీ ఆ రోజు మీరు దిగగానే బండి తేలికై, రోజూ కంటే ముందే నేల విడిచి, రోజూ కంటే నిటారుగా లేచింది చూడండి, ఆ లేవడం నా ఒంట్లో ఉండిపోయింది. మా ఆయన పోయినప్పుడు పొలం మరిదికి కౌలుకిచ్చి మూల కూర్చోమన్నారు అందరూ. వెనక సీటు ఖాళీ అయితే బండి పడదు, లేస్తుంది అని నాకు తెలుసు కాబట్టి కూర్చోలేదు. ట్రాక్టరు నేర్చుకున్నాను. మిరప బస్తాలు నేనే యార్డుకు తోలాను, దళారీలు వదినా అంటే వదినలాగే గడ్డిపెట్టాను. అదంతా మీరు పెట్టిన భిక్ష సార్, ఈ మాట మీకు చెప్పకుండానే...

"దండాలు నిలుపు" అంటారు. "నీకొకటి చెప్పల్ల. ఆ పొద్దు నీ ల్యాండింగు నేను సూడలే."

గద్దలు ఎటో పోయాయి.

"సూడలేకపోతి. నువ్వు గాలికి ఎదురు తిరిగేది సూసినా, అంతవరకే. ఆ పైన సూసేకి గుండె నిలవలే. కంపచెట్ల తట్టు తిరుక్కోని నిలబడితి. పిల్లోళ్లు చప్పట్లు కొడితే దిగినావని తెలిసె. ఆ ఆఫీసరుతో మాత్రం, నా కండ్లారా సూసినా, పూలు పెట్టినట్టు పెట్టింది సార్ అని చెప్తి. అది ఒకటి మిగిలిపోయింది పాపా. దించు. దిగి సూస్తా."

వేడిగాలి ఇంకా ఉంది, ఇందులోనే తిరుగుతూ ఉంటే పొద్దు వాలేదాకా ఆయన నా వెనక ఉంటారు. నా వెనక ఉన్నంతసేపూ ఆయనకు కనబడేది నా తల వెనక భాగమే. ఆయనకు కావలసింది అది కాదు. కర్ర వంచి సుడిలోంచి బయటికి వస్తాను.

ఎలా దిగామో తెలియదు, దిగేశాం. ఆయన కిందికి దిగి, ఖాళీ బెల్టులు ఎగిరి కర్రకు అడ్డం పడకుండా వెనక సీట్లోకి వంగి వాటిని బిగించి కట్టి, అద్దం మూత మీద అరచేత్తో తడతారు. ఆయన జుట్టు ఆ రోజుల్లోలా నల్లగానే ఉంది. ఉంటారా సార్ అని అడగబోతాను, తీగ అప్పటికే లాగేస్తోంది, బండి తేలిగ్గా, నిటారుగా లేస్తుంది.

ఒక్కసారి చుట్టి, గాలికి ఎదురు తిరుగుతాను. ఆయన ఎర్రటి కాయల పక్కన నిలబడి ఉన్నారు, కంపచెట్ల వైపు కాదు, నా వైపు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నారు. నేల నెమ్మదిగా దగ్గరకు వస్తుంది, ఎంత నెమ్మదిగా అంటే ఆయన ఒక్కసారి కూడా రెప్ప వేయకపోవడం నాకు కనబడుతోంది. చక్రం ఆనుతుంది. ఒక్క మిరపకాయ కూడా ఎగరదు. ఆయన మొహం పక్క నుంచి వెనక్కి జారిపోతుంది, బండి చప్పుడు లేకుండా దొర్లుతూ, దొర్లుతూ...

కళ్లు తెరిచాను. మధ్యాహ్నం, మంచం మీద, మెడంతా చెమట. కరెంటు అప్పుడే పోయినట్టుంది. పైన ఫ్యాను ఇంకా తిరుగుతోంది, మోత లేదు, ఊరికే తన ఊపు మీద తను, మూడు రెక్కలూ వేటికవి విడివిడిగా కనబడేంత నిదానంగా. అది ఆగేదాకా అలాగే చూస్తూ పడుకున్నాను.