తాతకు మనవడి చొక్కా

దర్జీ పని చేసే మా అక్క తన లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "తెర మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి, కాస్త పెద్దవి చెయ్యరా" అంది. నిమిషం పని. కానీ అంత చిన్న పనితో సరిపెట్టుకుంటే నా తెలివి ఏం కావాలి?

"దీన్ని నడిపే సిస్టమ్ పేరు మింట్ అక్కా. ఇది ఉబుంటులోంచి పుట్టింది, ఉబుంటు డెబియన్‌లోంచి పుట్టింది. అంటే డెబియన్ తాత, ఇది మనవడు. మనవడితో మనకెందుకు? ఏకంగా తాతనే తెచ్చుకుందాం" అన్నాను.

"ఎవరొస్తే నాకేంట్రా, అక్షరాలు కనబడితే చాలు" అని అక్క కుట్టుమిషన్ దగ్గరికి పోయింది.

ఆమె డిజైన్లన్నీ జాగ్రత్తగా పక్కన దాచి, మింట్ తీసేసి డెబియన్ ఎక్కించాను. తాత మంచివాడే గానీ, ముఖం కొత్త. అక్క బెదిరిపోతుందేమోనని మింట్‌లో ఉన్న మెనూయే తెచ్చి పెట్టాను. ఒకే కుటుంబం కదా, మనవడి సామాన్లు చాలావరకు తాత ఇంట్లోనూ దొరికాయి. దొరకని ఆకుపచ్చ రంగునీ బొమ్మల్నీ ఎక్కడెక్కడో వెతికి తెచ్చి అతికించాను. సాయంత్రానికి తాత అచ్చం మనవడిలా తయారయ్యాడు. నా పనితనానికి నేనే మురిసిపోయి అక్కను పిలిచాను.

అక్క వచ్చి, కళ్లు చికిలించి, ముక్కు తెరకు తగిలేంత వంగి చూసింది.

"పొద్దున్నుంచీ దీని ముందే కూర్చున్నావు కదా, ఇంకా మొదలుపెట్టలేదేంట్రా?"